ట్రామా, ఆందోళన, దుఃఖం: థెరపీ ఎలా పనిచేస్తుంది, దాన్ని ఎలా వాడుకోవాలి

ట్రామా వల్ల, అంటే మనసును గాయపరచిన సంఘటన వల్ల, భరించలేని జ్ఞాపకం మిగిలిన మనిషి మొదట చేసే పని దాని జోలికి పోకుండా ఉండడం. ప్రమాదం జరిగిన దారిని వదిలి చుట్టుదారిన వెళ్తాడు, ఆ ప్రస్తావన వస్తే మాట మారుస్తాడు, కలలో అది ఎదురవుతుందని నిద్రనే వాయిదా వేస్తాడు. ఆందోళనతో బాధపడేవారు గుండె దడ వచ్చే చోట్లకు వెళ్లడం ఒక్కొక్కటిగా మానేస్తారు. ఆప్తులను పోగొట్టుకున్నవారిలో కొందరు పోయినవారి గది తలుపు తీయరు, మరికొందరు ఆ గదిలోంచి బయటికే రారు. ఈ బాధలు దేనికవే వేరు. అయితే వాటిని ఏళ్ల తరబడి నిలిపి ఉంచేది చాలావరకు ఒకటే, అది తప్పించుకోవడం. తప్పించుకున్న ప్రతిసారీ ఆ క్షణానికి ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది, ఆ ఉపశమనమే మరుసటిసారి కూడా తప్పించుకొమ్మని నేర్పుతుంది. ఈ ముడిని తోడు ఉండగా, ఒక పద్ధతి ప్రకారం, తట్టుకోగలిగినంత మేరకు విప్పడమే థెరపీలో ప్రధానమైన పని. ఈ సంగతి తెలిసి వెళ్లినవారికి థెరపీ కొన్నిసార్లు ఎందుకు కష్టంగా ఉంటుందో, ఓదార్పు మాటలతో ఎందుకు ఆగదో అర్థమవుతుంది. ఎవరి దగ్గర చికిత్స తీసుకోవాలో తేల్చుకోవడానికి కూడా అది అక్కరకు వస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి

ఘోరమైన సంఘటన జరిగిన తర్వాత మొదటి కొన్ని వారాల్లో నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, జరిగినదే మళ్లీ మళ్లీ కళ్లముందు మెదలడం సహజం. ఎక్కువమందిలో ఇవి అయినవారి అండతో, మామూలు దినచర్యలో పడేకొద్దీ వాటంతటవే తగ్గుతాయి. అందుకే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం లక్షణాలు నెల దాటి కొనసాగితేనే పీటీఎస్‌డీగా, అంటే ఘోరమైన సంఘటన తర్వాత వచ్చి ఉండిపోయే ఒత్తిడి రుగ్మతగా, నిర్ధారిస్తారు. ఆ తొలి రోజుల్లోనే బాధితుణ్ణి కూర్చోబెట్టి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పిస్తే మేలు జరుగుతుందని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. ఆ పద్ధతి పీటీఎస్‌డీని నివారించదని పరీక్షల్లో తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వాడవద్దని చెప్పింది. కాబట్టి ప్రమాదం నుంచి బయటపడిన మనిషి నాలుగో రోజున మాట్లాడనంటే బలవంతపెట్టకండి, మాట్లాడతానంటే ఆపకండి. నెల గడిచినా తగ్గకపోతే, లేదా అంతకు ముందే రోజు గడవడం దుర్భరమైతే, ఆలస్యం చేయకుండా సాయం తీసుకోండి.

ఆందోళన విషయంలో ఇంకో కొలత పనికొస్తుంది. ఎంత భయం వేస్తోందని కాక, భయం వల్ల ఏమేమి మానేశారని లెక్క వేసుకోండి. ఏడాది కిందట చేసి ఇప్పుడు చేయనివి ఒక కాగితం మీద రాస్తే చాలామందికి ఆ జాబితా చూసి ఆశ్చర్యం కలుగుతుంది. లిఫ్టు ఎక్కరు, సమావేశంలో నోరు విప్పరు, ఒంటరిగా ప్రయాణం చేయరు, వైద్యపరీక్ష ఫలితం ఉన్న కవరు విప్పరు. జాబితా పెరుగుతూ ఉంటే అది థెరపీ అవసరమని చెప్పే నమ్మకమైన సూచన.

దుఃఖానికి గడువు పెట్టడం మొరటుగా అనిపిస్తుంది. నిజానికి దుఃఖం రోగం కాదు, ఎక్కువమందికి దానికోసం థెరపీ అవసరమూ ఉండదు. అయితే కొందరిలో ఎంత కాలం గడిచినా ఎడబాటు తొలిరోజు ఉన్నంత పదునుగానే ఉండి, పనిని, సంబంధాలను, రేపటి మీద ఆసక్తిని మింగేస్తుంది. దీన్నే ఇప్పుడు దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దీనికి కనీస వ్యవధి 6 నెలలు, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022లో తెచ్చిన ప్రమాణాల్లో పెద్దలకు 12 నెలలు. సాయం కోరడానికి ఆ తేదీ వచ్చేదాకా ఆగనవసరం లేదు.

బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా, తనను తాను గాయపరచుకోవాలనిపిస్తున్నా థెరపీ అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకూడదు. అదే రోజు అత్యవసర సేవలకు గాని, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు గాని, దగ్గరలోని ఆసుపత్రికి గాని చెప్పాలి. ఆ గంటల్లో ఒంటరిగా ఉండకుండా ఎవరినైనా పక్కన ఉండమనాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

సైకియాట్రిస్టు వైద్యుడు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక పరీక్షలు, థెరపీ చేస్తారు. కౌన్సెలరు, థెరపిస్టు అనే పేర్ల వెనక ఉండే అర్హతలు దేశాన్ని బట్టి చాలా మారుతాయి, కొన్నిచోట్ల ఆ బోర్డు పెట్టుకోవడానికి అర్హతే అక్కర్లేదు. అందుచేత పేరు చూసి ఊరుకోకుండా చదువు, రిజిస్ట్రేషను లేదా లైసెన్సు అడగడం తప్పు కాదు, సిగ్గుపడవలసిన పని అంతకన్నా కాదు. గుండె దడ, చెమటలు, వణుకు, బరువు తగ్గడం ప్రధానంగా ఉంటే థెరపీతో పాటు ఒకసారి సాధారణ వైద్యుణ్ణి కూడా కలవండి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా అచ్చం ఆందోళనలాగే కనబడుతుంది.

అర్హత సరిపోయాక అడగవలసిన అసలు ప్రశ్న ఒకటుంది. ‘నాకున్న ఈ సమస్యకు మీరు ఏ పద్ధతి వాడతారు, అందులో నేను ఏం చేయవలసి ఉంటుంది?’ మంచి థెరపిస్టు దీనికి నాలుగు మాటల్లో అర్థమయ్యేలా జవాబు చెప్పగలరు. పద్ధతి పేరు, సుమారుగా ఎన్ని సెషన్లు పడతాయి, మెరుగుదలను ఎలా కొలుస్తారు, అది పనిచేయకపోతే తర్వాత ఏం చేస్తారు అన్నవి చెప్పగలగాలి. ‘అన్ని పద్ధతులూ కలిపి వాడతాను, చూద్దాం’ అనే జవాబు ఒక్కటే వస్తే, నా అభిప్రాయంలో, మరొకరిని కూడా అడిగి చూడడం మంచిది. సెషను అయ్యాక మనసు తేలికపడితే అది పద్ధతి గొప్పదనమే అనుకుంటాం. తేలికపడడం, నయం కావడం ఎప్పుడూ కలిసి నడవవు.

పద్ధతి ఒక్కటే చాలదు కూడా. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లో థెరపిస్టుకు, చికిత్స పొందే మనిషికి మధ్య ఉండవలసిన పొత్తును మూడుగా విడదీసి చెప్పాడు. గమ్యం మీద ఒప్పందం, చేయవలసిన పనుల మీద ఒప్పందం, ఒకరి మీద ఒకరికి నమ్మకం. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు చాలావరకు ఈ పొత్తు బలంగా ఉన్నచోట ఫలితాలు మెరుగ్గా ఉంటాయనే చూపిస్తూ వచ్చాయి. రెండు మూడు సెషన్ల తర్వాత మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవలసినవి ఈ మూడే. థెరపిస్టు మాటతీరు నచ్చింది గాని ఎటు వెళ్తున్నామో తెలియడం లేదంటే పొత్తు సగమే కుదిరిందని లెక్క.

మొదటి సెషన్లు

ఒక సెషను సాధారణంగా 45 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. మొదటిది ఎక్కువగా వివరాలు సేకరించడానికే సరిపోతుంది. సమస్య ఎప్పుడు మొదలైంది, నిద్ర, ఆకలి, మద్యం, మందులు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి బాధ ఉందా, ఇప్పుడు ప్రమాదంలో ఉన్నారా వంటివి అడుగుతారు. గోప్యత గురించి థెరపిస్టు స్వయంగా చెప్పకపోతే మీరే అడగండి. చెప్పినవి బయటికి పోవు, అయితే ప్రాణాపాయం ఉన్నప్పుడు, పిల్లలపై హింస జరుగుతున్నప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు చాలా దేశాల చట్టాలు మినహాయింపులు పెట్టాయి. ఆ హద్దులు మొదటే తెలిస్తే తర్వాత మాట్లాడడం సులువవుతుంది.

జరిగినదంతా తొలిరోజే చెప్పాలన్న నియమం ఏదీ లేదు. ‘ఒక సంఘటన ఉంది, దాని గురించి ఇప్పుడే వివరంగా చెప్పలేను, దానివల్ల వచ్చిన ఇబ్బందులు మాత్రం చెబుతాను’ అన్నా సరిపోతుంది. మంచి థెరపిస్టు అక్కడితో ఆగుతారు. వెళ్లేముందు అరపేజీ రాసుకొని తీసుకెళ్లండి, ఎందుకంటే కుర్చీలో కూర్చోగానే చెప్పదలచినది మరచిపోవడం దాదాపు అందరికీ జరిగేదే. ఆ అరపేజీలో ఇప్పటికి ఎక్కువగా ఇబ్బంది పెడుతున్న రెండు విషయాలు, వాటివల్ల చేయలేకపోతున్న పనులు, వాడుతున్న మందులు ఉంటే చాలు.

గమ్యాన్ని కంటికి కనబడేలా చెప్పండి. ‘ప్రశాంతంగా ఉండాలి’ అనే గమ్యాన్ని ఎవరూ కొలవలేరు. ‘మూడు నెలల్లో మళ్లీ కారు నడపాలి’, ‘నాన్న ఫొటో చూసి గదిలోంచి లేచిపోకుండా కూర్చోగలగాలి’ అంటే చేరామో లేదో తెలుస్తుంది. చాలామంది థెరపిస్టులు మొదట్లోనూ, తర్వాత కొన్ని వారాలకోసారీ ఒక ప్రశ్నావళి ఇస్తారు. ఆందోళనకు విరివిగా వాడే జీఏడీ-7 అనే ప్రశ్నావళిలో ఏడు ప్రశ్నలు, మొత్తం 21 మార్కులు ఉంటాయి. 5 నుంచి స్వల్పమనీ, 10 నుంచి మధ్యస్థమనీ, 15 నుంచి తీవ్రమనీ లెక్కిస్తారు. ఆ అంకె మిమ్మల్ని నిర్వచించదు గాని, ఎనిమిది వారాల తర్వాత అది కదలకపోతే మాట్లాడుకోవలసిన విషయం ఉన్నట్టే.

ట్రామాపై పని

పాత ప్రయాణాన్ని తలుచుకున్నప్పుడు అది గడిచిపోయిందన్న ఎరుక మనకు ఉంటుంది. ట్రామా జ్ఞాపకానికి ఆ ఎరుక అంటదు. ఒక వాసన, ఒక బ్రేకు చప్పుడు, వెనకనుంచి వచ్చే అడుగుల శబ్దం చాలు, ఇప్పుడే జరుగుతున్నట్టు ఒంటిమీదికి వచ్చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ పీటీఎస్‌డీకి చెప్పే మూడు లక్షణాలూ దీని చుట్టూ తిరిగేవే. జరిగినది వర్తమానంలో జరుగుతున్నట్టు అనుభవించడం, దాన్ని గుర్తుచేసేవాటిని తప్పించుకోవడం, ముప్పు ఇంకా పొంచి ఉన్నట్టు అప్రమత్తంగా ఉండడం.

థెరపిస్టు మొదట నేర్పేది సాధారణంగా నేలమీదికి తిరిగి వచ్చే ఉపాయాలు. చుట్టూ కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పడం, తాకగలిగే నాలుగింటిని, వినబడే మూడింటిని, వాసన తెలిసే రెండింటిని, రుచి తెలిసే ఒకదాన్ని గుర్తించడం అందులో బాగా ప్రచారంలో ఉన్నది. పాదాలను నేలకు గట్టిగా అదిమి ఈరోజు తేదీ, ఉన్న చోటు పైకి చెప్పుకోవడం ఇంకా సులువు. ఇవి ఫ్లాష్‌బ్యాక్ (జరిగినది మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం) వచ్చినప్పుడు గదిలో నిలిచి ఉండడానికి పనికొస్తాయి. కానీ చికిత్స ఇక్కడితో పూర్తి కాదు. నెలల తరబడి ఇవే చేయిస్తూ జ్ఞాపకం దగ్గరికి ఎప్పుడూ వెళ్లని థెరపీలో ఈ ఉపాయాలే తప్పించుకోవడానికి కొత్త దారిగా మారతాయి.

అసలు పని జ్ఞాపకంతో ఉంటుంది. ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ పద్ధతిలో అది ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. రాత్రి వానలో కారు ప్రమాదం జరిగి, పక్క సీట్లోని స్నేహితుడు గాయపడిన ఒక మనిషిని ఊహించుకోండి. తను బ్రేకు వేయలేదనీ, అందుకే అలా జరిగిందనీ అతని నమ్మకం. థెరపిస్టు అతణ్ణి కళ్లు మూసుకొని, జరిగినది వర్తమాన కాలంలో చెప్పమంటారు. ‘వైపర్లు తిరుగుతున్నాయి. వాడేదో పాట పెడుతున్నాడు. ఎదుట రెండు లైట్లు మా వైపుకు వస్తున్నాయి.’ కొన్ని నిమిషాలకోసారి బాధ 0 నుంచి 100లో ఎంత ఉందని అడుగుతారు. కథ అయిపోగానే మళ్లీ మొదటినుంచి చెప్పమంటారు. ఇది రికార్డు అవుతుంది, ఇంటికి వెళ్లాక అతను రోజూ దాన్ని వినాలి. మొదట్లో 90 అన్న చోట కొన్ని సెషన్ల తర్వాత 40 అంటాడు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి జరుగుతుంది. భయంతో దాటేసిన క్షణాల దగ్గర ఇప్పుడు ఆగగలుగుతాడు, ఆగినప్పుడు కాలు బ్రేకు మీదే ఉన్నదనీ, బండి నీళ్లలో జారిందనీ స్పష్టంగా కనబడుతుంది. ఎవరో నచ్చజెబితే నమ్మని మాటను అతను తన కథలోంచే తెలుసుకుంటాడు. దీనితో పాటు ఇన్నాళ్లూ తప్పించుకున్న ప్రమాదం లేని పనులను, అంటే మొదట ఆగి ఉన్న కారులో కూర్చోవడం, తర్వాత పగటిపూట దగ్గర దారిలో నడపడం, ఆ తర్వాత వానలో నడపడం, వరుసగా చేస్తాడు. ఈ పద్ధతికి సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు పడతాయి, ఒక్కోటి గంటన్నర దాకా ఉండవచ్చు.

జ్ఞాపకాన్ని అంత వివరంగా చెప్పడం కష్టమనిపించినవారికి పట్రీషియా రెసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ ఉంది. సుమారు 12 సెషన్లలో సాగే ఈ పద్ధతి సంఘటన మిగిల్చిన నమ్మకాలను పట్టుకుంటుంది. ‘తప్పు నాదే’, ‘ఇక ఎవరినీ నమ్మకూడదు’ వంటి వాక్యాలను కాగితం మీద పెట్టి, దానికి ఆధారం ఏమిటి, అప్పుడు నాకు తెలిసినది ఏమిటి, ఇప్పుడు తెలిసినది ఏమిటి అని విడదీసి చూస్తారు. జరిగిపోయాక వచ్చిన తెలివితో జరగక ముందున్న మనిషికి శిక్ష వేయడం ఎంత మామూలో ఆ కాగితాలు చూస్తేనే తెలుస్తుంది. ఫ్రాన్సీన్ షపీరో 1989లో ప్రచురించిన ఈఎండీఆర్ మూడోది. ఇందులో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకొని థెరపిస్టు వేలి కదలికను కళ్లతో అనుసరిస్తారు. కళ్ల కదలికే పనిచేస్తోందా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం పనిచేస్తోందా అన్న వాదన నిపుణుల మధ్య సాగుతూనే ఉంది గాని, పద్ధతి మొత్తంగా ఫలితమిస్తుందన్న దానికి ఆధారాలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పీటీఎస్‌డీకి సూచించినవాటిలో ట్రామాపై కేంద్రీకరించే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే థెరపీ), ఈఎండీఆర్ రెండూ ఉన్నాయి.

మొదటి రెండు మూడు వారాల్లో పీడకలలు పెరగవచ్చు. మూసిన తలుపు తీస్తున్నప్పుడు ఇది చాలామందికి ఎదురయ్యేదే, కొద్ది వారాల్లో తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మానేయాలన్న కోరిక కూడా బలంగా పుడుతుంది. మానేయడానికి ముందు ఆ మాట సెషన్లోనే చెప్పండి, వేగం తగ్గించడానికి థెరపిస్టు దగ్గర దారులుంటాయి. హింస ఇప్పటికీ జరుగుతున్న ఇంట్లో ఉన్నవారికి మాత్రం జ్ఞాపకాల పని కన్నా ముందు భద్రతకు ప్రణాళిక కావాలి. చిన్ననాటి నుంచి ఏళ్ల తరబడి హింసను ఎదుర్కొన్నవారికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. మీకు గుర్తులేని ఘోరం ఏదో జరిగే ఉంటుందనీ, హిప్నాసిస్‌తో దాన్ని వెలికి తీస్తాననీ చెప్పేవారి దగ్గర కూర్చోవద్దు. అలా సూచిస్తూ పోతే జరగనివి కూడా జ్ఞాపకాలుగా ఏర్పడగలవు.

ఆందోళనపై పని

ఆందోళన ఎప్పుడూ ఒక జోస్యం చెబుతూ ఉంటుంది. గుండె ఆగిపోతుంది, అందరూ నవ్వుతారు, స్పృహ తప్పుతుంది. థెరపిస్టు చేసేది ఆ జోస్యాన్ని పరీక్షకు పెట్టడం. దీనికి పాత చరిత్రే ఉంది. మేరీ కవర్ జోన్స్ 1924లోనే కుందేలును చూసి భయపడే ఒక పిల్లవాడికి ఇష్టమైనది తినిపిస్తూ, కుందేలును మెల్లమెల్లగా దగ్గరికి తెచ్చి భయం పోగొట్టింది. 1950ల్లో జోసెఫ్ వోల్పే దీన్ని క్రమపద్ధతిగా మార్చాడు, 1960ల్లో ఆరన్ బెక్ ఆలోచనల వైపునుంచి నడిచాడు. ఇప్పుడు సీబీటీ అని పిలిచే దాంట్లో ఆ రెండు దారులూ కలిశాయి.

హఠాత్తుగా తీవ్ర భయం ముంచెత్తే పానిక్ అటాక్‌లో ఇది చక్కగా కనబడుతుంది. డేవిడ్ క్లార్క్ 1986లో చెప్పినట్టు, శరీరంలో కలిగిన చిన్న మార్పును మనిషి ప్రాణాంతకంగా అర్థం చేసుకుంటాడు, ఆ అర్థం భయాన్ని పెంచుతుంది, భయం గుండెను ఇంకా వేగంగా కొట్టిస్తుంది. ఈ వలయాన్ని తెంపడానికి థెరపిస్టు గదిలోనే దడ పుట్టిస్తారు. ఒక నిమిషం వేగంగా ఊపిరి తీయించడం, నిలబడిన చోటే పరుగెత్తించడం, తిరిగే కుర్చీలో తిప్పడం వంటివి చేయిస్తారు. ముందుగా ‘ఏం జరుగుతుందని అనుకుంటున్నారు, ఎంత శాతం నమ్మకం’ అని అడిగి రాస్తారు. ‘పడిపోతాను, 80 శాతం’ అన్న మనిషి నిమిషం అయ్యాక తల తిరుగుతూనే నిలబడి ఉంటాడు. తర్వాత ఏం జరిగిందో ఆ పక్కనే రాస్తారు. ఈ కాగితం విలువ సలహాలకు ఉండదు. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడిగాకే ఇలాంటివి చేయాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఎదుర్కొంటూనే చాటుగా తప్పించుకోవడం. లిఫ్టు ఎక్కుతారు గాని ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటారు, సమావేశంలో మాట్లాడతారు గాని ప్రతి వాక్యం ముందే కంఠస్థం చేస్తారు, జేబులో మాత్ర లేకుండా గడప దాటరు. అప్పుడు మెదడు నేర్చుకునేది ‘మాత్ర ఉంది కనుక బతికాను’ అని. ఇలాంటి ఊతకర్రలను థెరపిస్టుతో కలిసి గుర్తించి ఒక్కొక్కటిగా వదలడం మొత్తం పనిలో సగం ఉంటుంది.

ఏ ఒక్క దానికీ అంటుకోకుండా అన్నింటి మీదా తిరిగే చింతకు వేరే ఉపాయం ఉంది. థామస్ బోర్కోవెక్ 1980ల్లో పరీక్షించిన పద్ధతి ప్రకారం రోజూ ఒకే సమయంలో, ఒకే చోట అరగంట చింతకోసమే కేటాయిస్తారు. మిగిలిన సమయంలో చింత వస్తే ఒక మాట రాసుకొని ఆ అరగంటకు వాయిదా వేస్తారు. పడుకునే ముందు ఆ సమయం పెట్టుకోకూడదు. ఇది థెరపీకి వెళ్లకముందు కూడా సొంతంగా మొదలుపెట్టదగినది.

దుఃఖంపై పని

దుఃఖానికి కోపం వంటి ఐదు దశలుంటాయని అందరూ విన్నారు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలను చెప్పింది మరణానికి చేరువలో ఉన్న రోగులను చూసి. తర్వాత అవి అయినవారిని పోగొట్టుకున్నవారికి అంటగట్టబడి, ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు ఎక్కాలన్నట్టుగా తయారయ్యాయి. నాకు కోపం రాలేదు, నా దుఃఖం సరైనది కాదేమో అని బాధపడేవారు కూడా ఉన్నారు. ఆ చింత పెట్టుకోనవసరం లేదు. మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన వివరణ అనుభవానికి ఎక్కువ దగ్గరగా ఉంటుంది. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు లోటు వైపు తిరుగుతాడు, కాసేపు బతుకు పనుల వైపు తిరుగుతాడు, ఈ రెండింటి మధ్య అటూ ఇటూ మారుతూ ఉండడమే కోలుకోవడం. ఉదయం ఏడ్చి మధ్యాహ్నం బ్యాంకు కాగితాలు చూసుకోవడం, అంతలో ఏదో చూసి నవ్వడం పోయినవారికి ద్రోహం కాదు. ఒక వైపునే నిలిచిపోయినప్పుడు థెరపీ అవసరపడుతుంది.

క్యాథరిన్ షియర్ దీర్ఘకాలిక దుఃఖం కోసం రూపొందించిన 16 సెషన్ల చికిత్స రెండు వైపులా పనిచేస్తుంది. ఒకవైపు మరణవార్త విన్న క్షణాన్ని కళ్లు మూసుకొని చెప్పడం, తప్పించుకుంటున్న వస్తువులను, చోట్లను మెల్లగా చేరుకోవడం ఉంటాయి. మరోవైపు, ఈ దుఃఖం కాస్త సద్దుమణిగితే తన కోసం ఏం చేయాలనుకుంటున్నారో మొదటి వారాల్లోనే అడిగి దానికి అడుగులు వేయిస్తారు. తర్వాతి దశలో, పోయినవారు వింటున్నారనుకొని వారితో మాట్లాడి, వారి తరఫున జవాబు కూడా తానే చెప్పే సంభాషణ ఒకటుంటుంది. ‘ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు’ అని ఏడాదిగా లోపల నలుగుతున్న మాట పైకి వచ్చి, దానికి తల్లి ఏమని ఉండేదో తన గొంతుతోనే విన్నప్పుడు, కూర్చున్న మనిషి భుజాలు దిగడం కనబడుతుంది. 2005లో ప్రచురించిన పరీక్షలో ఈ చికిత్స తీసుకున్నవారిలో 51 శాతం మంది మెరుగుపడ్డారు, పోల్చి చూసిన ఇంటర్‌పర్సనల్ థెరపీలో (మనుషుల మధ్య సంబంధాలపై పనిచేసే పద్ధతి) 28 శాతం. ఫలితాలు ఇంత తేడాగా ఉన్నాయంటే దుఃఖం విషయంలో ఏ థెరపీ అయినా ఒకటేనని అనుకోవడానికి వీల్లేదు.

మరచిపోవడం ఈ చికిత్సల లక్ష్యం కాదు. పోయినవారి నంబరు ఫోనులో ఉంచుకోవాలా, వారి బట్టలు ఎప్పుడు ఇచ్చివేయాలి వంటివాటికి థెరపిస్టు తీర్పు చెప్పరు. ఉంచినా తీసినా అది భయంతో కాకుండా ఇష్టంతో చేయగలిగితే పని జరిగినట్టే.

మధ్యలో ఎదురయ్యేవి

సెషన్ల మధ్య ఇచ్చే ఇంటిపని చేయనివారికి ఫలితం ఆలస్యమవుతుంది. వారానికి ఒక గంట మాట్లాడి మిగిలిన గంటలన్నీ పాత పద్ధతిలో గడిపితే పాతదే గెలుస్తుంది. ఇంటిపని చేయలేకపోతే అబద్ధం చెప్పకండి, ఎక్కడ ఆగిపోయారో చెబితే ఆ ఆగిన చోటే చాలాసార్లు తర్వాతి సెషనుకు విషయమవుతుంది.

థెరపిస్టు మాట నొప్పించినా, అర్థం చేసుకోలేదనిపించినా అదే వారం చెప్పండి. ఇబ్బందిగానే ఉంటుంది, అయినా ఇలాంటి పొరపొచ్చాలను మాట్లాడుకొని సరిచేసుకున్నచోట చికిత్స బలపడుతుంది. చెప్పాక కూడా మారకపోతే, లేదా ఎనిమిది పది సెషన్లకు ఏ కొలతలోనూ కదలిక లేకపోతే, పద్ధతి మార్చమని గాని మరొకరి పేరు సూచించమని గాని అడగండి. శారీరకంగా చొరవ తీసుకునేవారిని, తమ సొంత కష్టాలు చెప్పుకునేవారిని, ఇంటివారితో తెగతెంపులు చేసుకోమని ఒత్తిడి చేసేవారిని వెంటనే వదిలేయవచ్చు, సంజాయిషీ ఇవ్వనవసరం లేదు.

మందుల గురించి రెండు మాటలు. తీవ్రమైన ఆందోళన, డిప్రెషను ఉన్నప్పుడు ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు (డిప్రెషనుకు విరివిగా వాడేవి) థెరపీతో కలిసి బాగా పనిచేస్తాయి. వాటిని వైద్యుడికి చెప్పకుండా హఠాత్తుగా ఆపకూడదు. సంఘటన జరిగిన తొలి నెలలో నిద్రకోసమో భయంకోసమో బెంజోడయజిపైన్ రకం మత్తు మాత్రలు వాడడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సహించదు. దుఃఖం సంగతికొస్తే, 2016లో షియర్ బృందం ప్రచురించిన పరీక్షలో సిటలోప్రామ్ అనే ఎస్ఎస్ఆర్ఐ మందు చేర్చినందువల్ల దుఃఖ లక్షణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, థెరపీతో కలిపి ఇచ్చినప్పుడు డిప్రెషను మాత్రం తగ్గింది.

లక్షణాలు తగ్గి, మొదట పెట్టుకున్న గమ్యాలు చేరువైనప్పుడు సెషన్ల మధ్య దూరం పెంచుతారు, వారానికోసారి ఉన్నది రెండు వారాలకు, తర్వాత నెలకు మారుతుంది. చివరి సెషన్లలో ఒక పేజీ రాసుకోండి. ఏవి పనిచేశాయి, మళ్లీ మొదలవుతోందని చెప్పే తొలి గుర్తులేమిటి, అవి కనబడిన వారం ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. సంఘటన జరిగిన తేదీ, పోయినవారి పుట్టినరోజు, కొత్త ఉద్యోగం వంటి సందర్భాలను ముందే గుర్తుపెట్టుకొని, ఆ నెలలో ఒక సెషను ముందుగానే అడిగి ఉంచుకోవచ్చు. తప్పించుకున్న పనుల జాబితా మళ్లీ పెరగడం మొదలైతే లక్షణాలు ముదిరేదాకా ఆగకుండా అప్పుడే థెరపిస్టును సంప్రదించండి, రెండోసారి వెళ్లినప్పుడు కొద్ది సెషన్లే సరిపోవచ్చు.